కాలేజీ బిల్లు, తిరిగొచ్చే డబ్బు, ఆరోగ్య బీమా: ఒకే ఖాతాలో మూడు లెక్కలు

(డల్లాస్ శివార్లలోని తెలుగు కుటుంబాల కోసం, కొత్తగా వచ్చిన విద్యార్థుల కోసం ఆగస్టులో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం. వక్త టెక్సాస్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఫీజుల విభాగం ఉద్యోగి. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఈ రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి. భోజనాలు కాస్త ఆలస్యమవుతాయని ఇప్పుడే కమిటీవాళ్ళు చెవిలో చెప్పారు. కాబట్టి నన్ను ఇంకాసేపు భరించాలి మీరు.

ముందు ఓ ప్రశ్న. ఈ సెమిస్టర్ బిల్లు వచ్చినవాళ్ళు చేతులెత్తండి. ఊఁ, సగం మంది పైనే. దించకండి, దించకండి. అడుగున ఉన్న మొత్తం ఒక్కటే చూసి, పై వరసలు చదవకుండా నాన్నగారికి స్క్రీన్‌షాట్ పంపి ఊరుకున్నవాళ్ళు మాత్రం అలాగే ఉంచండి. చూశారా, ఒకటో రెండో చేతులు తప్ప దిగలేదు.

నేను పనిచేసేది ఆ బిల్లు పంపే ఆఫీసులోనే. బర్సర్ ఆఫీసు అంటారు, కొన్నిచోట్ల స్టూడెంట్ అకౌంట్స్ అంటారు. పిల్లలు మా కిటికీ దగ్గరికి నవ్వుతూ రారు. బాకీ వల్ల ఖాతా బిగించేసి, అంటే హోల్డ్ పడి, క్లాసులు రిజిస్టర్ కానప్పుడు వస్తారు, ఖాతాలో ఎప్పుడూ చూడని బాకీ కనబడినప్పుడు వస్తారు. అలా వచ్చేవాళ్ళలో నేను చూసింది ఏమిటంటే, డబ్బు లేక నష్టపోయినవాళ్ళకన్నా తారీఖు దాటిపోయి నష్టపోయినవాళ్ళే ఎక్కువ. ఇవాళ నేను చెప్పే అంకెలు మర్చిపోయినా ఫరవాలేదు. తారీఖు ఎక్కడుంటుందో, ఎవరిని అడగాలో మాత్రం మర్చిపోకండి.

ఈ హాల్లో రెండు రకాలవాళ్ళున్నారు. ఎమ్మెస్‌కి ఇండియా నుంచి ఎఫ్-వన్ విద్యార్థి వీసా మీద వచ్చిన పిల్లలు ఒకవైపు. ఇక్కడే హైస్కూలు చదివి ఇప్పుడు అండర్‌గ్రాడ్‌కి వెళ్తున్న పిల్లల అమ్మానాన్నలు ఇంకోవైపు. మీ ఇద్దరి బాధలూ వేరు. కానీ విశ్వవిద్యాలయం మీ ఇద్దరికీ పెట్టే ఖాతా ఒకే రకం. మన ఊళ్ళో కిరాణా కొట్టు ఖాతా పుస్తకం గుర్తుందా? తీసుకున్న సరుకు ఒకవైపు, ఇచ్చిన డబ్బు ఇంకోవైపు, నెలాఖరుకి తేడా. ఇదీ అంతే. ట్యూషన్, ఫీజులు, హాస్టల్, భోజనం, బీమా ఒకవైపు పడతాయి. మీరు కట్టింది, స్కాలర్‌షిప్, లోను రెండోవైపు పడతాయి. ఒక క్లాసు తీసేస్తే ఆ పేజీ మారిపోతుంది. ఇన్సూరెన్స్ వద్దంటే మళ్ళీ మారుతుంది. బిల్లు ఒకసారి వచ్చి ఆగిపోయే కాగితం కాదని ముందు మనసులో పెట్టుకోండి.

కాగితం అన్నాను గానీ, అసలు కాగితమే రాదు. చాలా చోట్ల బిల్లు పోర్టల్లో ఉంటుంది, విశ్వవిద్యాలయం ఇచ్చిన ఈమెయిల్‌కి కబురొస్తుంది. మన పిల్లలేమో సొంత జీమెయిల్ తప్ప ఇంకోటి చూడరు. ఆ మెయిల్‌ని ఫోన్లో పెట్టుకోండమ్మా, ఇవాళే.

తల్లిదండ్రులకి ఓ మాట. "మా అమ్మాయి బిల్లు ఎంతండీ" అని మీరు ఫోన్ చేస్తారు. మేము చెప్పం. మీరు తెలుగువారని నాకు తెలిసినా చెప్పలేను. 1974లో వచ్చిన ఫెర్పా అనే చట్టం ఉంది. పిల్లలు కాలేజీలో చేరగానే వాళ్ళ రికార్డుల మీద హక్కు వాళ్ళ చేతికి వెళ్ళిపోతుంది. వయసు పద్దెనిమిది నిండకపోయినా సరే. డబ్బు కట్టేది మీరే కావచ్చు, ఖాతా మాత్రం వాళ్ళది. దీనికి కోపం తెచ్చుకోవద్దు, దారి ఉంది. మీ అమ్మాయి పోర్టల్‌లోకి వెళ్ళి మిమ్మల్ని ఆథరైజ్డ్ యూజర్‌గా చేరిస్తే, బిల్లు మీ మెయిల్‌కీ వస్తుంది, మీరే నేరుగా కట్టొచ్చు. రెండు నిమిషాల పని. హాస్టల్లో దించి వెనక్కొచ్చే ముందే చేయించండి. ఆ తర్వాత వాళ్ళు మీ ఫోనెత్తేది అంతంతమాత్రమే.

సరే, ఒక బిల్లు తీసి చూద్దాం. ఇవి లెక్క కోసం నేను అనుకున్న అంకెలు, మీ కాలేజీవి వేరేగా ఉంటాయి. ఎమ్మెస్ విద్యార్థి, తొమ్మిది క్రెడిట్లు. ట్యూషన్ 9,900 డాలర్లు. తప్పనిసరి ఫీజులు 1,300. ఇంటర్నేషనల్ విద్యార్థి ఫీజు 150. ఆరోగ్య బీమా 1,450. మొత్తం 12,800. రెండోవైపు స్కాలర్‌షిప్ 500. కట్టాల్సింది 12,300.

ఇక్కడే మొదటి ఫోన్ వస్తుంది. "మేడమ్, నాకు వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ అని లెటర్ ఇచ్చారు, ఐదొందలే పడిందేంటి?" బాబూ, అది ఏడాదికి. సగం ఫాల్‌లో, సగం స్ప్రింగ్‌లో పడుతుంది. లెటర్‌లో రాసే ఉంటుంది.

ఆ వెయ్యి డాలర్లని తక్కువగా చూడకండి. టెక్సాస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఒక ఏర్పాటు ఉంది. పోటీలో నెగ్గి కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ తెచ్చుకున్న బయటి విద్యార్థికి, విదేశీయుడైనా సరే, రాష్ట్రంవాళ్ళ ట్యూషన్ రేటు ఇవ్వొచ్చు. వెయ్యి కన్నా ఆ రేటు తేడాయే చాలా రెట్లు ఎక్కువ. అందరికీ రాదు, ఎంతమందికి ఇవ్వొచ్చో దానికీ పరిమితి ఉంది. అడగనివాళ్ళకి మాత్రం అస్సలు రాదు. డిపార్ట్‌మెంట్‌లో అడగండి. వచ్చినవాళ్ళు ఆ స్కాలర్‌షిప్ షరతులు చదవండి, జీపీఏ తగ్గి అది పోతే చవక రేటు కూడా దాంతోపాటే పోతుంది.

తప్పనిసరి ఫీజులు. లైబ్రరీ, టెక్నాలజీ, జిమ్, విద్యార్థి సంఘం, బస్సు. "నేను జిమ్‌కి వెళ్ళను, తీసెయ్యండి" అంటారు. తియ్యరు. టీఏ, అంటే టీచింగ్ అసిస్టెంట్, ఉద్యోగం వచ్చి ట్యూషన్ మాఫీ అయినవాళ్ళు కూడా ఇది గమనించాలి. మాఫీ అయ్యేది ట్యూషన్. ఫీజులు, బీమా చాలా చోట్ల మీరే కట్టుకోవాలి. ఆఫర్ లెటర్‌లో ఏ పదం వాడారో చూసుకోండి, చూసుకోకుండా ఇంటికి ఫోన్ చేసి "అమ్మా, చదువు ఫ్రీ" అని చెప్పేయకండి.

ఇక కట్టే పద్ధతి. ఒకేసారి కట్టలేకపోతే వాయిదాల పథకం ఉంటుంది. చిన్న నమోదు రుసుం తీసుకుంటారు, సాధారణంగా వడ్డీ ఉండదు. అప్పు చేసి గడువులోపు మొత్తం కట్టేకన్నా ఇదే మేలు చాలామందికి. కానీ ఆ పథకంలో చేరడానికీ ఒక గడువుంది. చెప్పాను కదా, అన్నీ తారీఖులే. గడువు దాటితే ఆలస్య రుసుం, ఆ తర్వాత హోల్డ్. కొన్ని చోట్ల క్లాసుల నుంచే తీసేస్తారు. ఎఫ్-వన్ మీద ఉన్నవాళ్ళకి క్లాసులు పోవడమంటే డబ్బు సమస్య ఒక్కటే కాదు, వీసా స్టేటస్ సమస్య కూడా.

క్రెడిట్ కార్డుతో కడితే సర్వీసు ఛార్జీ పడుతుంది. రెండున్నర, మూడు శాతం మామూలే. పన్నెండు వేల డాలర్ల మీద మూడు శాతం ఎంతో లెక్కేసుకోండి. రివార్డు పాయింట్ల కోసం మూడొందల అరవై డాలర్లు వదులుకోవడమేమిటి? ఇక్కడి బ్యాంకు ఖాతా నుంచి ఈ-చెక్కు రూపంలో కడితే ఆ ఛార్జీ సాధారణంగా ఉండదు. ఖాతా నంబరు మాత్రం రెండుసార్లు చూసుకోండి. ఒక్క అంకె తప్పినా చెక్కు తిరిగొస్తుంది, దానికి వేరే జరిమానా.

ఇండియా నుంచి పంపేవాళ్ళ సంగతి. బ్యాంకు నుంచి వైర్ చేస్తే మధ్యలో ఉన్న బ్యాంకులు కొంత కోసుకుంటాయి. మీరు పంపింది 12,300, మాకు చేరింది 12,275. ఆ పాతిక డాలర్లు ఎవరూ గమనించరు, ఖాతాలో బాకీగా కూర్చుంటుంది, సెమిస్టర్ చివర హోల్డ్‌గా లేస్తుంది. పాతిక డాలర్లకి హోల్డ్ పడిన పిల్లల్ని ఎంతమందిని చూశానో! వైర్ చేసేటప్పుడు ఛార్జీలన్నీ పంపేవారే భరించేలా పెట్టమని బ్యాంకులో చెప్పండి. విద్యార్థి ఐడీ నంబరు రాయించండి. లేకపోతే ఆ డబ్బు ఎవరిదో తెలియక మా దగ్గర ఓ మూల పడి ఉంటుంది. ఫీజులు చేరవేసే ఫ్లైవైర్ లాంటి సంస్థతో మీ కాలేజీకి ఒప్పందం ఉంటే ఈ తలనొప్పి తక్కువ, కానీ వాళ్ళ మారకం రేటు, మీ బ్యాంకు రేటు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. టీసీఎస్, అంటే విదేశాలకి డబ్బు పంపేటప్పుడు ఇండియాలో బ్యాంకు ముందే పట్టుకునే పన్ను, గురించి చాలామంది అడుగుతారు. 2025 ఏప్రిల్ 1 నుంచి బ్యాంకు విద్యా రుణంతో పంపే డబ్బు మీద అది లేదు. సొంత డబ్బయితే ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీదే. అది కూడా పోయిన డబ్బు కాదు, నాన్నగారు ఇండియాలో రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది.

ఇప్పుడు కొంచెం గట్టిగా చెప్పే విషయం. వాట్సాప్ గ్రూపుల్లో ఒకడు తయారవుతాడు. "మీ ఫీజు నేను కడతాను, మీరు నాకు పది శాతం తక్కువ ఇవ్వండి చాలు." నమ్మకం కలిగించడానికి ముందు ఫీజు కట్టి చూపిస్తాడు కూడా. పోర్టల్లో బాకీ సున్నా అని కనబడుతుంది. మీకు ఆనందం, మీ డబ్బు అతనికి పంపేస్తారు. అతను కట్టింది దొంగిలించిన కార్డుతో. కొన్నాళ్ళకి ఆ కార్డు యజమాని బ్యాంకులో ఫిర్యాదు చేస్తాడు, బ్యాంకు మా దగ్గర్నుంచి డబ్బు వెనక్కి లాక్కుంటుంది, మీ ఖాతాలో మొత్తం బాకీ మళ్ళీ ప్రత్యక్షం. అతని నంబరు పనిచెయ్యదు. పైగా దొంగ కార్డుతో మీ ఫీజు ఎందుకు కట్టారని మిమ్మల్నే అడుగుతారు. తమ్ముళ్ళూ, మీ ఫీజులో పది శాతం ఎవడో తన జేబులోంచి ఎందుకు పెడతాడు? ఒక్క నిమిషం ఆలోచించండి.

రీఫండ్ల దగ్గరికొద్దాం. రీఫండ్ పడిందంటే ముందు అడగాల్సింది ఒక్కటే, ఈ డబ్బు ఎవరిది?

ఎక్కువ కట్టేశారు, తిరిగొచ్చింది. అది మీదే. కానీ చాలా చోట్ల వచ్చిన దారినే వెళ్తుంది. కార్డుతో కట్టింది కార్డుకి, ఇండియా నుంచి వైర్‌లో వచ్చింది పంపినవారికి. "జీవన ఖర్చులు కూడా కలిపి యూనివర్సిటీకే పంపేశాం, వాళ్ళు మా అబ్బాయికి ఇస్తారులే" అనుకుని పంపేవాళ్ళున్నారు. అలా ఇస్తారో లేదో, ఎన్ని రోజులకిస్తారో ముందు మెయిల్ పెట్టి అడగండి. అద్దె కట్టే రోజున ఆ డబ్బు హైదరాబాద్ తిరుగుప్రయాణంలో ఉంటే కష్టం.

రెండోది, క్లాసు తీసేసినప్పుడు వచ్చేది. ఇక్కడ ఒక క్లాసు తీసెయ్యడం, అంటే డ్రాప్, వేరు. సెమిస్టర్ మొత్తం వదిలెయ్యడం, అంటే విత్‌డ్రా, వేరు. టెక్సాస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లలో, మిగతా క్లాసులు ఉంచుకుని ఒక క్లాసు మాత్రం, క్లాసులు జరిగే 12వ రోజులోపు తీసేస్తే దాని డబ్బు తిరిగొస్తుంది. మొత్తం సెమిస్టర్ వదిలేస్తే లెక్క ఇంకోటి. క్లాసులు మొదలవక ముందు పూర్తిగా, మొదటి ఐదు క్లాసు రోజుల్లో 80 శాతం, తర్వాతి ఐదులో 70, ఆ తర్వాతి ఐదులో 50, ఆ పై ఐదులో 25, ఇక సున్నా. వేరే రాష్ట్రంలో వేరే పట్టిక ఉంటుంది, మీ కాలేజీ అకడమిక్ క్యాలెండర్లో చూడండి. "నేను క్లాసుకి ఒక్కరోజు కూడా వెళ్ళలేదు, ఎందుకు కట్టాలి?" అంటారు. వెళ్ళకపోవడం వదిలెయ్యడం కింద రాదు. పోర్టల్లో తీసెయ్యాలి, ఆ తారీఖే లెక్క. ఎఫ్-వన్ పిల్లలు ఏదైనా తీసేసే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్ళండి. అండర్‌గ్రాడ్‌కి 12 క్రెడిట్లు, ఎమ్మెస్‌కి చాలా చోట్ల 9, దానికన్నా తగ్గాలంటే ముందే అనుమతి కావాలి. రీఫండ్ ఆశతో స్టేటస్ పోగొట్టుకోకూడదు.

మూడోది ఆర్థిక సాయం మిగిలితే వచ్చేది. ఇది ఎక్కువగా ఇక్కడి పిల్లలకి. ఫెడరల్ సాయం కోసం పెట్టేది ఫాఫ్సా దరఖాస్తు, దాని పేరులో మొదటి మాటే 'ఫ్రీ', ఉచితం. డబ్బు తీసుకుని నింపిపెడతామనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు, ఇంకా కొన్ని వర్గాలవాళ్ళు అర్హులు. మన ఇళ్ళల్లో ఒక చిత్రం ఉంటుంది కదా, పెద్దమ్మాయి హైదరాబాద్‌లో పుట్టి హెచ్-ఫోర్ అనే డిపెండెంట్ వీసా మీద ఉంటుంది, చిన్నబ్బాయి ఇక్కడే పుట్టాడు. ఒకే ఇల్లు, ఒకే జీతం. పెద్దమ్మాయికి ఫెడరల్ సాయం రాదు. చిన్నబ్బాయి దరఖాస్తు పెట్టుకోవచ్చు, తల్లిదండ్రులు హెచ్-వన్ ఉద్యోగ వీసా మీద ఉన్నా అడ్డు కాదు. "మేము సిటిజన్లం కాదు కదా" అని ఆ పిల్లాడి చేత ఫాఫ్సా నింపించని కుటుంబాలు నాకు తెలుసు. పెద్దమ్మాయి విషయంలో ఫెడరల్ తలుపు మూసుకున్నా, కాలేజీ సొంత స్కాలర్‌షిప్పులు, రాష్ట్ర ట్యూషన్ రేటు వేరే సంగతి. ఆ రెండూ విడిగా అడగండి.

సాయం ఏమేమిటి? పెల్ గ్రాంట్, తిరిగి కట్టక్కర్లేదు, 2025-26లో గరిష్ఠం 7,395 డాలర్లు. ఆదాయాన్ని బట్టి ఇస్తారు, మన ఐటీ ఇళ్ళల్లో చాలామందికి రాదు. ఫెడరల్ లోను, తల్లిదండ్రుల మీద ఆధారపడ్డ మొదటి సంవత్సరం విద్యార్థికి 5,500 దాకా. అందులో మధ్యలో ఒక శాతం పైన రుసుం కోసుకుంటారు, అందుకే పడిన డబ్బు లెటర్‌లో ఉన్నదానికన్నా కాస్త తక్కువ కనబడుతుంది. పేరెంట్ ప్లస్ అని తల్లిదండ్రుల పేరున వచ్చే లోను ఇంకోటి. దీనికి 2026 జులై నుంచి పరిమితి పెట్టారు, ఒక్కో పిల్లకి ఏడాదికి 20,000, మొత్తం మీద 65,000. గ్రాడ్యుయేట్ ప్లస్ అయితే కొత్తగా తీసుకునేవాళ్ళకి ఎత్తేశారు. చదువుకి ఎలా కట్టాలో పాత లెక్కలు వేసుకున్నవాళ్ళు మళ్ళీ వేసుకోవాలి.

ఇవన్నీ ముందు ఖాతాలో పడి, ట్యూషన్, ఫీజులు, హాస్టల్ పోగా మిగిలితే దాన్నే రీఫండ్ అని విద్యార్థి చేతికిస్తారు. ఫెడరల్ డబ్బు అలా మిగిలితే 14 రోజుల్లో ఇవ్వాలని నియమం. క్లాసులు మొదలవక ముందే మిగిలితే, ఆ 14 రోజులు క్లాసుల మొదటి రోజు నుంచి లెక్క. కాబట్టి సెప్టెంబర్ ఒకటి అద్దె ఈ డబ్బు మీద పెట్టుకోకండి. డైరెక్ట్ డిపాజిట్ పెట్టుకోకపోతే చెక్కు ప్రింటై పాత ఇంటి అడ్రసుకి పోతుంది, అక్కడ ఎవరుంటారో మరి.

ఆ డబ్బు చేతికొచ్చాక పిల్లల మొహం వెలిగిపోతుంది. రెండు వేల డాలర్లు! అందులో గ్రాంటు ఎంత, లోను ఎంత అని ఎవరైనా చూస్తారా? ఎక్కువసార్లు అది లోనే. పుస్తకాలకీ అద్దెకీ కావాలంటే ఉంచుకోండి, అందుకే ఇచ్చారు. అక్కర్లేకపోతే, డబ్బు పడిన 120 రోజుల్లో వెనక్కి ఇచ్చేస్తే ఆ భాగం మీద వడ్డీ, రుసుం రెండూ రద్దవుతాయి. ఈ సంగతి చాలామందికి తెలియదు. తల్లిదండ్రులూ, ఇది రాసుకోండి.

సెమిస్టర్ మధ్యలో మానేస్తే? ఫెడరల్ సాయం రోజుల లెక్కన సంపాదించుకోవాలి. 60 శాతం సెమిస్టర్ దాటితే మొత్తం మీదే. అంతకన్నా ముందు మానేస్తే ఉన్నంతవరకే. 6,000 డాలర్లు వచ్చింది, 30 శాతం దగ్గర మానేశాడనుకోండి. సంపాదించింది 1,800. మిగతా 4,200 సర్కారుకి వెనక్కి పోవాలి. అందులో కాలేజీ తన వాటా పంపేసి, ఆ మొత్తాన్ని మీ ఖాతాలో బాకీ రాస్తుంది. అప్పటికి ట్యూషన్ రీఫండ్ పట్టికలో సున్నా శాతం నడుస్తుంటుంది. రెండు వైపులా దెబ్బ. క్లాసులకి పోకుండా అన్నింట్లో ఎఫ్ తెచ్చుకున్నా, మధ్యలోనే మానేశాడని లెక్కగట్టే వీలుంది. ఆరోగ్యం బాగోకో, ఇంట్లో ఏదైనా జరిగో మానెయ్యాల్సొస్తే, ముందు ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకెళ్ళి "ఇవాళ మానేస్తే ఎంత, వచ్చే వారం మానేస్తే ఎంత" అని అడగండి. లెక్కేసి చెబుతారు. అడిగినందుకు ఏమీ అనరు.

నీళ్ళు తాగి వస్తాను... సరే. ఇన్సూరెన్స్.

ఇందాకటి బిల్లులో బీమా 1,450 ఉంది కదా. మరి తప్పనిసరి ఫీజుల్లో హెల్త్ ఫీజు అని ఇంకోటి ఉంటుంది, గమనించారా? హెల్త్ ఫీజు క్యాంపస్ క్లినిక్ కోసం. జలుబు, జ్వరం, ఫ్లూ టీకా, డాక్టర్ని చూడటం. బీమా క్యాంపస్ బయట ఆసుపత్రుల కోసం. "హెల్త్ ఫీజు కట్టాను, నాకు ఇన్సూరెన్స్ ఉంది" అనుకుని ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళున్నారు. ఆ రెండూ ఒకటి కాదమ్మా.

ఎఫ్-వన్ వీసాకి ఫెడరల్ ప్రభుత్వం బీమా తప్పనిసరి అనలేదు. జె-వన్ అనే ఎక్స్ఛేంజ్ వీసాకి అంది, ఒక్కో జబ్బుకి కనీసం లక్ష డాలర్ల కవరేజీ ఉండాలని. ఎఫ్-వన్ వాళ్ళకి విశ్వవిద్యాలయమే నియమం పెడుతుంది, చాలా చోట్ల బిల్లులో దానంతటదే వేసేస్తారు. వద్దనుకుంటే వేవర్ పెట్టాలి, అంటే నాకు వేరే బీమా ఉంది, ఇది తీసెయ్యండని దరఖాస్తు. ఇక్కడ మళ్ళీ తారీఖు. గడువు సాధారణంగా సెమిస్టర్ మొదటి వారాల్లోనే అయిపోతుంది. పోయినేడాది పెట్టాను కదా అంటే చెల్లదు, చాలా చోట్ల ఏటా పెట్టాలి. గడువు మర్నాడు వచ్చి ఏడ్చినా మేము చెయ్యగలిగింది ఏమీ ఉండదు.

ఇక్కడ పెరిగిన పిల్లలు అమ్మానాన్నల ఆఫీసు ప్లాన్లో 26 ఏళ్ళు వచ్చేదాకా ఉండొచ్చు. మరి వేవర్ పెట్టి ఆ డబ్బు మిగుల్చుకోవాలి కదా? ఆగండి. నాన్నగారిది టెక్సాస్ హెచ్ఎంఓ, అంటే తన నెట్‌వర్క్‌లో, ఒప్పందం ఉన్న డాక్టర్ల దగ్గరే పనిచేసే ప్లాన్. అబ్బాయి చదివేది ఒహాయోలో. అక్కడ ఆ ప్లాన్ ఎమర్జెన్సీకి తప్ప పనికిరాకపోవచ్చు. కార్డు వెనక ఉన్న నంబరుకి ఫోన్ చేసి "ఈ జిప్ కోడ్‌లో నెట్‌వర్క్ డాక్టర్లున్నారా" అని అడిగాకే వేవర్ పెట్టండి. ఇంకో మాట, ఈ రోజుల్లో చెప్పక తప్పదు. నాన్నగారి ఉద్యోగం పోతే ప్లాన్ పోతుంది. అప్పుడు ఏడాది మధ్యలోనైనా కాలేజీ ప్లాన్లో చేరనిస్తారు, కానీ సాధారణంగా 30 రోజుల్లో అడగాలి. ఇంట్లో ఆ గొడవలో ఉన్నప్పుడు ఇది ఎవరికీ గుర్తు రాదు.

ఇండియాలో కొన్న చవక పాలసీ పెట్టి వేవర్ తెచ్చుకోవచ్చా? కొన్ని కాలేజీలు ఒప్పుకుంటాయి, చాలా చోట్ల ఒప్పుకోరు. ఒప్పుకున్నా చూడాల్సింది ప్రీమియం కాదు. అంతకుముందే ఉన్న జబ్బుకి ఇస్తారా? మానసిక సమస్యలకి ఇస్తారా? గరిష్ఠ మొత్తం ఎంత? ఆస్పత్రి నేరుగా వాళ్ళకి బిల్లు పంపుతుందా, మీరు కట్టి తర్వాత అడుక్కోవాలా? ఈ నాలుగూ అడగండి.

ఇప్పుడు కార్డు వాడటం. కడుపునొప్పి వచ్చి ఆసుపత్రికెళ్ళారనుకుందాం. ఆసుపత్రి వేసిన బిల్లు 12,000. గుండె ఆగుతుంది. కానీ బీమా కంపెనీతో వాళ్ళ ఒప్పందం రేటు 4,500 అనుకోండి. లెక్క అక్కడినుంచి మొదలవుతుంది. మీ డిడక్టిబుల్, అంటే బీమా మొదలయ్యే ముందు మీరే పెట్టుకోవాల్సింది, 500, అది మీరు కట్టాలి. మిగిలిన 4,000లో మీ వంతు వాటా, దాన్నే కోఇన్సూరెన్స్ అంటారు, 20 శాతం, అంటే 800. మొత్తం 1,300 మీది, 3,200 కంపెనీది. ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉంటేనే ఈ లెక్క.

బీమా కంపెనీ నుంచి మొదట వచ్చే కాగితం మీద "ఇది బిల్లు కాదు" అని రాసి ఉంటుంది. నిజంగానే బిల్లు కాదు, దాని మీద డబ్బు కట్టకండి. కానీ పారెయ్యకండి. ఆసుపత్రి బిల్లు వచ్చాక రెండూ పక్కన పెట్టి, "రోగి కట్టాల్సింది" అన్న అంకె ఒక్కటేనా అని చూడండి. తేడా ఉంటే కట్టకముందే ఫోన్ చెయ్యండి. ఇంకో ఉత్తరం కూడా రావచ్చు, "మీకు ఇంకేదైనా బీమా ఉందా, ఇది యాక్సిడెంటా" అని. చెత్తలా కనిపిస్తుంది. జవాబివ్వకపోతే క్లెయిమ్ ఆపేస్తారు, మొత్తం బిల్లు మీ ఇంటికొస్తుంది. ఇండియన్ గ్రోసరీ పాంప్లెట్లతో కలిపి అది పారేసిన పిల్లలు చాలామంది.

గ్రోసరీ అంటే గుర్తొచ్చింది. మన టెక్సాస్‌లో షాపింగ్ సెంటర్లలోనే ఎమర్జెన్సీ రూములుంటాయి. బిర్యానీ హోటల్ పక్కన, క్షవరం చేసే కొట్టు పక్కన. చూడ్డానికి చిన్న జబ్బులు చూసే అర్జెంట్ కేర్‌లాగే ఉంటాయి, బిల్లు మాత్రం ఎమర్జెన్సీ బిల్లు. బోర్డు మీద ఎమర్జెన్సీ అని ఉందో, అర్జెంట్ కేర్ అని ఉందో చదివి లోపలికి అడుగు పెట్టండి. గొంతునొప్పికి ముందు క్యాంపస్ క్లినిక్, అది మూసేస్తే అర్జెంట్ కేర్. ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, పెద్ద దెబ్బ తగలడం, అప్పుడు లెక్కలు చూసుకోకండి, 911కి చెయ్యండి. నిజమైన ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయట ఆసుపత్రికి తీసుకెళ్ళినా, 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం ప్రకారం మీ వాటాని నెట్‌వర్క్ లెక్కనే వెయ్యాలి. రోడ్డు మీద వెళ్ళే అంబులెన్సు ఆ చట్టంలో లేదు, అది వేరే బిల్లు.

పెద్ద బిల్లు వస్తే భయపడి కవరు తెరవకుండా దాచేస్తారు పిల్లలు. అమ్మానాన్నలకి చెప్పరు. అలా చెయ్యొద్దు. లాభాపేక్ష లేని ఆసుపత్రులకి ఆర్థిక సాయం విధానం ఉండి తీరాలి, అది చట్టం. మొదటి బిల్లు వచ్చిన దగ్గర్నుంచి 240 రోజుల దాకా దరఖాస్తు తీసుకోవాలి. ఆదాయం లేని విద్యార్థికి బిల్లు తగ్గే అవకాశం బాగానే ఉంది. ఫోన్ చేసి "ఫైనాన్షియల్ అసిస్టెన్స్ ఫారం కావాలి" అనండి, ఆ ఒక్క వాక్యం చాలు.

ప్రశ్నలున్నాయా? చెప్పండమ్మా... పళ్ళ గురించా. పెద్దవాళ్ళకి పళ్ళు, కళ్ళజోళ్ళు ఈ ప్లాన్లలో సాధారణంగా ఉండవండీ. వేరే డెంటల్ ప్లాన్ కొనుక్కోవాలి. అబ్బాయి జనవరిలో వస్తున్నాడంటున్నారుగా, ఇండియాలోనే పళ్ళన్నీ చూపించుకుని, రెండు జతల కళ్ళజోళ్ళు చేయించుకుని రమ్మనండి.

ఆ వెనక బాబు... తల్లిదండ్రులు చూడ్డానికొస్తే నీ ప్లాన్లో చేర్చొచ్చా అనా? కుదరదు నాన్నా. వాళ్ళకి విజిటర్ ఇన్సూరెన్స్ వేరే తీసుకోవాలి, బీపీ, షుగర్ ఉంటే ఆ పాలసీలో దానికి ఏం రాశారో చూసి కొను.

ఇంకొకటి... వేవర్ గడువు ఎప్పుడా? ఏ కాలేజీ మీది? అయితే నాకు తెలియదండీ, నేను పనిచేసేది అక్కడ కాదు. ఫోన్ తియ్యండి, మీ కాలేజీ పేరు పక్కన హెల్త్ ఇన్సూరెన్స్ వేవర్ డెడ్‌లైన్ అని కొట్టండి. వచ్చిందా? చదవండి, గట్టిగా. వచ్చే శుక్రవారమా! అయితే భోజనానికి లైన్లో నిలబడే లోపే పెట్టెయ్యండి, కార్డు ఫోటో అమ్మనడిగి తెప్పించుకోండి.